క్రమం మారినా ఫలితం మారదా?

రెండు చలరాశుల ప్రమేయాన్ని ముందు ఒక చలరాశి పరంగా, తరవాత రెండవదాని పరంగా అవకలించినా, ఈ క్రమాన్ని తిరగవేసినా ఫలితం ఒక్కటే. ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో మనలో చాలామంది ప్రశ్నించకుండా రాసుకున్న వాక్యమిది. ఉష్ణగతిశాస్త్రంలోని మాక్స్‌వెల్ సంబంధాలు దీనిమీదే నిలబడ్డాయి. పుస్తకాన్ని బట్టి దీనికి క్లేరో పేరో, ష్వార్జ్ పేరో, యంగ్ పేరో కనిపిస్తుంది. ఈ పేర్ల వెనుక, చెప్పకుండా వదిలేసిన షరతుల కోసం నూటయాభై ఏళ్ళు సాగిన వెతుకులాట ఉంది.

ఈ సమానతను 1721లో నికొలాస్ బెర్నూలీ ఉపపత్తి లేకుండానే వాడుకున్నాడు. వక్రరేఖల కుటుంబాలను పరిశీలిస్తూ ఆయిలర్ దీనికి ఒక ఉపపత్తి ఇచ్చాడు. అది 1740లో అచ్చయింది. క్లేరో కూడా ఆ కాలంలోనే ఈ ఫలితానికి చేరాడు. ఆయిలర్ ఆలోచన సరళమైనది. ఒక బిందువు దగ్గర చిన్న దీర్ఘచతురస్రాన్ని ఊహించుకుందాం. ఒక కర్ణం చివరలలో ఉన్న రెండు విలువల మొత్తంలోంచి, రెండో కర్ణం చివరలలో ఉన్న విలువల మొత్తాన్ని తీసివేద్దాం. ఈ భేదాన్ని ముందు అడ్డంగా లెక్కించినా, ముందు నిలువుగా లెక్కించినా ఒకటే వస్తుంది. కనుక అవకలజాలు కూడా సమానమే కావాలి.

చిక్కు ఆ "కనుక"లోనే ఉంది. దీర్ఘచతురస్రం బిందువుగా కుంచించుకుపోయేటప్పుడు రెండు అవధులు తీసుకోవాలి: వెడల్పుకు ఒకటి, ఎత్తుకు ఒకటి. వాటి క్రమాన్ని మార్చవచ్చునన్నది నిరూపించవలసిన విషయమే తప్ప ముందుగా అనుకోవలసినది కాదు. లగ్రాంజ్, కోషీ వంటి ఉద్దండుల ఉపపత్తులలోనూ ఇలాంటి ఖాళీలు మిగిలాయి. 1867లో ఫిన్లండ్ గణితవేత్త లోరెంజ్ లిండెలోఫ్ పాత ఉపపత్తులను వరసగా పరీక్షించి వాటి లోపాలను బయటపెట్టాడు. 1873లో ష్వార్జ్ షరతులను స్పష్టంగా చెప్పి, లోపం లేని ఉపపత్తి ఇచ్చాడు. షరతులు తప్పితే సమానత ఎలా తప్పుతుందో ఉదాహరణతో చూపాడు.

నేటి పాఠ్యపుస్తకాలలో కనిపించే ఉదాహరణ 1884 నాటి పెయానోది. రెండు చలరాశుల లబ్ధాన్ని వాటి వర్గాల భేదంతో గుణించి, వర్గాల మొత్తంతో భాగించాలి. మూలబిందువు వద్ద విలువ సున్న అనుకోవాలి. అక్కడ ఒక క్రమంలో అవకలిస్తే 1, రెండో క్రమంలో అవకలిస్తే -1 వస్తాయి. మిశ్రమ అవకలజాలు అవిచ్ఛిన్నమైతే ఇలా జరగదు. ఆ బిందువు వద్ద మొదటి అవకలజాలు అవకలనీయమైతే చాలునని 1909 ప్రాంతంలో యంగ్ ఆ షరతును ఇంకా సడలించాడు.

ఈ సిద్ధాంతం ఇప్పుడు లీన్ అనే ప్రూఫ్ అసిస్టెంటులో ఉంది. లియొనార్డో డి మౌరా 2013లో మైక్రోసాఫ్ట్ రిసెర్చ్‌లో మొదలుపెట్టిన వ్యవస్థ అది. ఉపపత్తిలోని ప్రతి మెట్టునూ దాని చిన్న కెర్నెల్ పరీక్షిస్తుంది. "స్పష్టమే కదా" అంటే ఊరుకోదు. దాని గణిత గ్రంథాలయమైన మ్యాథ్‌లిబ్‌కు ఈ సిద్ధాంతాన్ని ఫ్రెంచి గణితవేత్త సెబాస్టియన్ గూయెజెల్ అందించాడు. అక్కడి ప్రతిపాదనలో అక్షాల ప్రసక్తి లేదు. రెండవ అవకలజాన్ని రెండు దిశలను తీసుకునే ద్విరేఖీయ రూపంగా భావించి, ఆ దిశలను తారుమారు చేసినా విలువ మారదంటుంది. రెండవ అవకలజం ఆ ఒక్క బిందువు వద్ద ఉంటే చాలు, దాని అవిచ్ఛిన్నత అవసరం లేదు. ఉపపత్తిలో మళ్ళీ నాలుగు మూలలే కనిపిస్తాయి. అయితే ఇక్కడ రెండు దిశలలోనూ ఒకే కొలతతో కుంచించుకుపోతారు కాబట్టి అవధి ఒక్కటే. మధ్యమ మూల్య అసమానత సాయంతో ఆ అవధి రెండవ అవకలజమేనని తేలుతుంది. ఆయిలర్ తలపు చెడ్డది కాదు; దానికి కావలసిన షరతే అప్పట్లో మాటల్లోకి రాలేదు.

అయితే యంత్రం పరీక్షించేది మనం రాసిన ప్రతిపాదనను, మన మనసులో ఉన్నదాన్ని కాదు. మ్యాథ్‌లిబ్‌లో అవకలనీయం కాని ప్రమేయానికి కూడా అవకలజం ఉంటుంది. సౌలభ్యం కోసం దాని విలువను సున్నగా నిర్వచించారు. ఈ సంగతి తెలియనివారు ఒక సమానతను చదివి, ఆ అవకలజాలు నిజంగా ఉన్నాయని పొరబడవచ్చు. ఆ సమానత అక్షరాలా నిజమై ఉండి కూడా, వారనుకున్న అర్థాన్ని ఇవ్వకపోవచ్చు. లిండెలోఫ్ ఆనాడు చేసిన పనిలో ఉపపత్తిని తనిఖీ చేసే భారాన్ని ఇప్పుడు యంత్రం తీసుకుంది. షరతులను, నిర్వచనాలను నిదానంగా చదివే పని మాత్రం ఇంకా మనదే.