ట్యూడర్ల చరిత్రలో మరుగున పడిన మహిళలు

ట్యూడర్ వంశం ఇంగ్లండును 1485 నుంచి 1603 వరకు ఏలింది. ఆ పేరు వినగానే ఎనిమిదో హెన్రీ, ఆయన ఆరుగురు భార్యలు గుర్తొస్తారు. ఎవరికి విడాకులిచ్చాడు, ఎవరి తల నరికించాడు అన్న లెక్కతోనే ఆ రాణుల కథ ముగిసిపోతుంది. చరిత్ర అధ్యాపకురాలిగా నన్ను ఆకట్టుకున్నది మాత్రం వాళ్లు చేసిన పనులు.

అసలు ఆ వంశానికి సింహాసనం దక్కడం వెనుకే ఒక తల్లి ఉంది. మార్గరెట్ బోఫోర్ట్ పదమూడేళ్లకే, భర్త పోయాక, 1457లో కొడుకును కన్నది. రాజ్యంపై ఆ కొడుక్కి హక్కు వచ్చింది ఆమె వైపు నుంచే. అతను ప్రవాసంలో ఉండగా, నాలుగో ఎడ్వర్డ్ భార్య ఎలిజబెత్ వుడ్‌విల్‌తో ఒక వైద్యుడి ద్వారా రహస్యంగా కబుర్లు నడిపి వియ్యం ఖాయం చేసుకుంది. 1485లో బాస్వర్త్ యుద్ధంలో గెలిచి కొడుకు ఏడో హెన్రీ అయ్యాడు.

1513లో ఎనిమిదో హెన్రీ ఫ్రాన్సులో యుద్ధం చేస్తుండగా స్కాట్లండు దండెత్తింది. రాజప్రతినిధిగా ఉన్న రాణి కేథరిన్ ఆఫ్ ఆరగాన్ సైన్యాన్ని, సరంజామాను సమకూర్చింది. ఫ్లాడెన్ యుద్ధంలో స్కాట్లండు రాజు నాలుగో జేమ్స్ హతుడయ్యాడు. ఫ్రాన్సులో భర్త సాధించినదానికన్నా ఇదే పెద్ద విజయం.

ఆరో భార్య కేథరిన్ పార్ కూడా 1544లో రాజప్రతినిధిగా రాజ్యం నడిపింది. మరుసటి ఏడాది ప్రార్థనల పుస్తకం తన పేరుతోనే అచ్చు వేయించింది. ఇంగ్లండులో ఒక స్త్రీ స్వంత పేరుతో ఇంగ్లీషులో ప్రచురించిన తొలి పుస్తకం అదేనంటారు. సవతి కూతురు ఎలిజబెత్‌కు అప్పటికి పదేళ్లు దాటాయి. ఆడది రాజ్యమేలగలదని ఆ పిల్లకు అప్పుడే బోధపడి ఉంటుంది.

బడిలో కలుసుకున్న మనం తలచుకోవాల్సిన సంగతి మరొకటి ఉంది. కేంబ్రిడ్జిలో 1505లో క్రైస్ట్స్ కళాశాలను స్థాపించింది మార్గరెట్. సెయింట్ జాన్స్ కళాశాల కూడా ఆమె మరణానంతరం ఆమె సంకల్పంతో వెలిసిందే. అదే కేంబ్రిడ్జి స్త్రీలకు పూర్తి హక్కులతో పట్టాలివ్వడం 1948లో గానీ మొదలుకాలేదు. కళాశాల కట్టించిన తల్లి కూతుళ్లకు నాలుగు వందల ఏళ్లకు పైగా అందులో చోటు లేకపోయింది!

ఈ స్వర్ణోత్సవ వేళ మన బడి చరిత్రనూ రాసుకుంటున్నాం. ప్రధానోపాధ్యాయుల పేర్ల పక్కనే మనకు అక్షరాలు దిద్దించిన టీచరమ్మలు, గంట కొట్టిన ఆయాలు, చదువు మానిపించవద్దని ఇంట్లో పోరాడిన అమ్మల పేర్లు కూడా చేర్చుదాం. రాసి పెట్టని పేరు యాభై ఏళ్లలో చెరిగిపోతుంది.