డేటాబేసులలో ‘భారతి’ వ్యాసాల అన్వేషణ: కొన్ని చారిత్రక చిక్కులు

తెలుగు సిద్ధాంత గ్రంథాలలో ‘ఈ అంశంపై ఇంతకు ముందు కృషి జరగలేదు’ అనే వాక్యం అరుదు కాదు. డేటాబేసులో ఫలితం రాకపోవడమే ఆ నిర్ధారణకు ఏకైక ఆధారమైనప్పుడు సమస్య మొదలవుతుంది. శాసనాలు, కవుల కాలనిర్ణయం, పాఠభేదాలు వంటి విషయాలలో అలా తీర్మానించే ముందు చూడవలసిన పత్రికలలో ‘భారతి’ ముఖ్యమైనది. కాశీనాథుని నాగేశ్వరరావు మద్రాసు నుంచి 1924 జనవరిలో ప్రారంభించిన ఈ మాసపత్రిక 1991 వరకు వెలువడింది.

గ్రంథాలయ సూచీ పత్రికను ఒకే ప్రచురణగా నమోదు చేస్తుంది. అందులోని వ్యాసాలను విడివిడిగా చూపదు. డిజిటల్ ప్రతులలోనూ సాధారణంగా సంచికకో సంపుటానికో ఒక శీర్షిక ఉంటుంది. వ్యాసం పేరుతో వెదికితే ఏమీ దొరకదు. పత్రిక పేరుతో వెదికితే సుబ్రహ్మణ్య భారతి మొదలుకొని ఆ పేరున్న రచయితలందరూ ఎదురవుతారు. రోమన్ లిపిలో ఈ పేరును రాసే పద్ధతి కూడా ఒక్కటి కాదు.

లిపి చిక్కు ఇంకొకటి. పాత సంచికల ముద్రణలో అరసున్నలు, బండి ఱకారాలు ఉంటాయి. చదువరికి ‘తెలుఁగు’, ‘తెలుగు’ ఒకే మాట. యంత్రానికి రెండు మాటలు. ‘చెఱువు’, ‘చెరువు’ అంతే. తెలుగు లిపికి చోటిచ్చిన యూనికోడ్ తొలి ప్రమాణం వెలువడినది 1991లో, అంటే ‘భారతి’ నిలిచిపోయిన సంవత్సరంలోనే. ఆ పత్రికలో దాదాపు అంతా యూనికోడ్ తెలుగుకు ముందరిదే.

అన్నిటికన్నా ఎక్కువగా దారి తప్పించేది కాలగణన. పాత ఉల్లేఖనలలో సంచికను తెలుగు సంవత్సరం, మాసం పేర్లతో సూచించడం పరిపాటి. క్రోధన సంవత్సరం 1925 ఉగాదితో మొదలవుతుంది. దానిని 1925గా మార్చుకున్న పరిశోధకుడు ‘క్రోధన, మాఘం’ సంచిక కోసం 1925 సంపుటాన్నే తిరగేస్తాడు. ఆ మాఘం వచ్చినది 1926 తొలి నెలలలో. వ్యాసం పక్క సంపుటంలో ఉండగా ఉల్లేఖనే తప్పని అతడు భావించే ప్రమాదం ఉంది.

పత్రిక ఆయుర్దాయం మరో ముడి వేసింది. అరవై సంవత్సరాల చక్రం కన్నా ‘భారతి’ ఎక్కువ కాలం బతికింది. మొదటి సంచిక నాటి రుధిరోద్గారి 1983లో తిరిగి వచ్చింది. రక్తాక్షి, క్రోధన, అక్షయ, ప్రభవ కూడా పత్రిక జీవితకాలంలో రెండేసిసార్లు వచ్చాయి. అందువల్ల ‘భారతి, ప్రభవ’ అని మాత్రమే ఉన్న ఉల్లేఖన 1927 నాటిదీ కావచ్చు, 1987 నాటిదీ కావచ్చు. ఉల్లేఖించిన గ్రంథం 1987కు ముందే అచ్చయి ఉంటే సందేహం తీరుతుంది. ఆ తరువాతిదైతే రెండు సంపుటాలనూ తెప్పించుకుని, విషయసూచికలను పేజీ పేజీగా చూడవలసిందే.