సింగరేణి బొగ్గు: తవ్వకం, వాడకం, పొదుపు

గోదావరి లోయలోని బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పూర్వం నాటిది. ఈ నేల గోండ్వానా మహాఖండంలో భాగంగా ఉన్న పర్మియన్ యుగంలో, చిత్తడి నేలల్లో పెరిగిన గ్లాసాప్టెరిస్ జాతి చెట్లు కూలి నీటి అడుగున పేరుకున్నాయి. వాటిపై ఇసుక, బంకమట్టి పొరలు పొరలుగా పడ్డాయి. ఆ బరువుకూ వేడికీ కలప బొగ్గయింది. ఆసిఫాబాద్ నుంచి మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి మీదుగా కొత్తగూడెం వరకు, ప్రాణహిత-గోదావరి లోయ వెంట సుమారు 350 కిలోమీటర్ల మేర ఈ నిక్షేపాలు పరుచుకుని ఉన్నాయి. వీటిని తవ్వడం మొదలై 140 ఏళ్లు కూడా కాలేదు.

భద్రాచలం వెళ్తున్న యాత్రికులు వంటకు పొయ్యిగా పెట్టుకున్న నల్లరాళ్లు అంటుకుని మండాయని ఇల్లెందు ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. చరిత్రకు అందిన ఆధారం మాత్రం 1871 నాటిది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఆ ఏడాది ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. అక్కడి ప్రధాన పొరను నేటికీ కింగ్ సీమ్ అనే పిలుస్తారు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ నిజాం ప్రభుత్వం నుంచి తవ్వకపు హక్కులు పొందింది. డోర్నకల్ నుంచి గనుల వరకు రైలు మార్గం పడింది. 1889లో ఉత్పత్తి మొదలైంది. దగ్గరి ఊరు సింగరేణి పేరే గనులకు స్థిరపడింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడగా, 1945లో దాని వాటాలను నిజాం ప్రభుత్వం కొనుగోలు చేసింది. నేడు ఇందులో 51 శాతం వాటా తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది.

కార్మికులు బొగ్గుబాయి అని పిలిచే గనిలో పని మొదట పూర్తిగా మనిషి కండబలం మీదే నడిచింది. ల్యాంపు రూములో టోపీ దీపం తీసుకుని, ఏటవాలు సొరంగమైన ఇంక్లైన్ గుండా కార్మికులు లోపలికి దిగేవారు. కోల్‌కట్టర్లు బొగ్గు గోడకు రంధ్రాలు వేస్తే షాట్‌ఫైరర్ మందు పెట్టి పేల్చేవాడు. పొగ తగ్గాక, రాలిన బొగ్గును ఫిల్లర్లు చెమ్మాసులనే పారలతో తట్టలకెత్తి, మోసుకెళ్లి టబ్బుల్లో నింపేవారు. తట్టా చెమ్మాస్ అన్న జంట మాట ఆ కష్టానికే పేరుగా నిలిచింది. నిండిన టబ్బులను హాలేజ్ తాడు పైకి లాగేది.

పైకప్పు కూలకుండా బొగ్గునే స్తంభాలుగా వదిలి, వాటి మధ్య దారులు తవ్వుతూ పోవడం ఇక్కడి ప్రధాన పద్ధతి. తరువాత ఆ పిల్లర్లను కూడా తీసి, ఖాళీ అయిన చోట గోదావరి ఇసుకను నీటితో కలిపి నింపేవారు. ఇంత చేసినా పొరలోని బొగ్గు అంతా చేతికి రాదు. గణనీయమైన భాగం లోపలే మిగులుతుంది. ఒకసారి పైకప్పు కూలిన చోటికి మళ్లీ వెళ్లి ఆ మిగిలినదాన్ని తీయడం దాదాపు అసాధ్యం. అందుకే భూమిలో ఉన్న నిల్వ వేరు, వాడుకోగలిగిన నిల్వ వేరు.

ఈ బొగ్గును తొలినాళ్లలో ముఖ్యంగా వాడుకున్నవి రైలింజన్లు. తరువాత వరంగల్ ఆజంజాహి మిల్లు, సిర్పూర్ కాగితం మిల్లు వంటి పరిశ్రమలు వచ్చాయి. 1920లో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం వెలిసింది. స్వాతంత్ర్యం తరువాత కొత్తగూడెం, రామగుండం, విజయవాడ విద్యుత్ కేంద్రాలతో లెక్కే మారిపోయింది. ఆవిరి ఇంజన్లు పట్టాల మీద నుంచి తప్పుకున్నాయి. అయినా బొగ్గు వాడకం తగ్గలేదు సరికదా, అనేక రెట్లు పెరిగింది. పంపుసెట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, ఏసీలు అన్నీ కరెంటు తీగ ద్వారా బొగ్గుబాయికే ముడిపడ్డాయి.

పెరిగిన గిరాకీని తట్టుకోవడానికి 1970ల మధ్యలో రామగుండం ప్రాంతంలో పై మట్టిని తొలగించి బొగ్గు తీసే ఓపెన్‌కాస్ట్ తవ్వకం మొదలైంది. ఇప్పుడు ఉత్పత్తిలో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్ గనుల నుంచే వస్తోంది. 2023-24లో సింగరేణి 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. అంటే సగటున రోజుకు 1.9 లక్షల టన్నులు. ఒక్కొక్క టన్నుకు ఐదారు ఘనపు మీటర్ల మట్టీ రాయీ తొలగించాల్సి వస్తోంది. ఆ మట్టి గుట్టలు, గోతులు ఊళ్ల రూపురేఖలనే మార్చాయి. యంత్రాలు రావడంతో 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య దాదాపు 40 వేలకు పడిపోయింది. తేలికగా అందే బొగ్గు ముందే అయిపోవడంతో సంస్థ చూపు ఇతర రాష్ట్రాల వైపు మళ్లింది. 2025లో ఒడిశాలోని నైనీ గనిలో ఉత్పత్తి ప్రారంభించింది.

గోదావరి సముద్రంలో కలిసే చోట దొరికిన గ్యాస్ కథ ఇంకా త్వరగా ముగింపు దిశగా సాగింది. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 బ్లాకులో 2009లో ఉత్పత్తి మొదలై మరుసటి ఏడాదే గరిష్ఠానికి చేరింది. ఆ తరువాత వేగంగా పడిపోయి, తొలి ప్రధాన క్షేత్రాలు 2020లో మూతపడ్డాయి. ఆ గ్యాస్‌ను నమ్ముకుని గోదావరి జిల్లాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక పడి ఉన్నాయి. కాగితం మీది నిల్వల అంచనాను నమ్మి వాడకాన్ని పెంచుకుంటూ పోతే ఏమవుతుందో ఈ అనుభవం చెబుతోంది.

బొగ్గు నుంచి కరెంటు తీయడంలోనే పెద్ద నష్టం ఉంది. బొగ్గులోని వేడిలో దాదాపు మూడో వంతే విద్యుత్తుగా మారుతుంది. మిగతాది పొగగొట్టంలోకీ, చల్లార్చే నీటిలోకీ పోతుంది. ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. పైగా కొంత కరెంటు తీగల్లోనే వృథా అవుతుంది. కాబట్టి ఇంట్లో ఆదా చేసిన ఒక యూనిట్ గని దగ్గర అంతకు ఎన్నో రెట్ల శ్రమను, మట్టిని, నీటిని మిగులుస్తుంది.

దేశం ఈ సంగతిని గుర్తించి 2001లో ఇంధన పొదుపు చట్టం చేసింది. 2002లో ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడింది. 2006 నుంచి విద్యుత్ ఉపకరణాలపై స్టార్ గుర్తులు వచ్చాయి. 2015లో మొదలైన ఉజాలా పథకంతో ఎల్ఈడీ బల్బులు ఇంటింటికీ చేరాయి. 60 వాట్ల పాత బల్బు స్థానంలో 9 వాట్ల ఎల్ఈడీ పెట్టి రోజుకు 5 గంటలు వాడితే ఏడాదికి 93 యూనిట్లు, అంటే దాదాపు 65 కిలోల బొగ్గు మిగులుతుంది. రామగుండంలో ఎన్‌టీపీసీ జలాశయంపై 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం 2022 నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తోంది. సింగరేణి కూడా తన గనుల ప్రాంతాల్లో సౌర ఫలకాలు పరిచింది.

అయితే మెరుగైన పరికరాలతోనే పని పూర్తికాదు. ఇంజన్లు తక్కువ బొగ్గుతో నడిచేకొద్దీ బ్రిటన్‌లో మొత్తం బొగ్గు వాడకం పెరుగుతూనే పోయిందని ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవాన్స్ 1865లోనే ఎత్తిచూపాడు. బిల్లు తగ్గిందని మరో ఏసీ పెట్టుకుంటే ఆదా అంతా అక్కడే హరించుకుపోతుంది. ఆదా నిలవాలంటే మొత్తం వాడకానికే హద్దు పెట్టుకోవాలి. ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచడం, గాలి వెలుతురు వచ్చేలా ఇల్లు కట్టుకోవడం, పాత పంపుసెట్లను మార్చడం, బస్సును, రైలును ఆశ్రయించడం ఇందుకు మార్గాలు. కోట్ల ఏళ్లలో ఏర్పడిన నిధిని రెండు మూడు తరాలే కాల్చివేయడం తరువాతి వారికి చేసే అన్యాయం. సౌర, పవన విద్యుత్తు పూర్తిగా అందివచ్చే వరకు ఉన్న బొగ్గును అవసరానికి మించి కాల్చకుండా చూడటం ప్రభుత్వాలకే కాదు, కరెంటు వాడే ప్రతి ఇంటికీ బాధ్యత.