'తగ్గింపు' అనే మాట: ఒంగోలు మాదిగ క్రైస్తవోద్యమంలో పసితనపు భావన

లింగంపల్లి పరిసరాల్లోని తెలుగు క్రైస్తవ ప్రార్థనల్లో తరచు వినవచ్చే మాట 'తగ్గింపు'. 'వినయం' అనే సంస్కృత పదం అందుబాటులో ఉన్నా ప్రార్థించేవారి నాలుకపై ఆడేది ఈ అచ్చతెలుగు మాటే. దీనికి మూలం మత్తయి సువార్త 18వ అధ్యాయం. పరలోకరాజ్యంలో గొప్పవాడెవరని శిష్యులు అడిగినప్పుడు యేసు ఒక చిన్నబిడ్డను వారి మధ్య నిలబెట్టి బదులు చెప్పిన ఘట్టమది. జ్ఞానులకు మరుగైన సంగతులు పసివారికి తెలియవచ్చాయన్న 11వ అధ్యాయపు మాటతో కలిపి చదివితే, పసితనం జ్ఞానానికి మార్గమవుతుంది. అయితే పంతొమ్మిదో శతాబ్దిలో ఒంగోలు ప్రాంతాన ఈ బోధ విన్నవారిలో అధికులు సంఘం చేత అప్పటికే తగ్గించబడినవారు. వారికి తగ్గింపు కొత్తగా ఇవ్వగలిగినదేమిటన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో బాప్తిస్మమిచ్చిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. క్లౌ సతీమణి ఎమ్మా రౌషన్‌బుష్ 1899లో ప్రచురించిన 'వైల్ సోయింగ్ శాండల్స్' గ్రంథాన్ని బట్టి, పేరయ్య క్రైస్తవుడు కాకముందే రాజయోగ సాధకుడు. కనుక ఆయనది ఏమీ ఎరుగని అమాయకత్వం కాదు. గురువు మాటకు మనస్సును పూర్తిగా తెరిచి ఉంచడం ఆయన నేర్చిన సాధనలోనే ఉంది.

పోతులూరి వీరబ్రహ్మం సంప్రదాయంలోని కక్కయ్య కథ ఇక్కడ స్మరణీయం. దేహంలో పద్మాలున్నాయని స్వామి చెప్పగా విన్న ఈ మాదిగ శిష్యుడు, వాటిని చూడగోరి భార్య దేహాన్నే చీల్చాడని ఐతిహ్యం. స్వామి ఆమెను బ్రతికించాడని కథ ముగుస్తుంది. విన్నమాటను విన్నట్లే నమ్మే పసితనంలోని భయంకరమైన అంచును ఈ కథ దాచలేదు. చీల్చబడిన దేహం స్త్రీది కావడం కూడా గమనించవలసిన విషయమే. క్రైస్తవ బోధ వినడానికి ముందే మాదిగపల్లెల్లో పసితనాన్ని గురించిన ఆలోచన ఉన్నదనడానికి ఇంతకంటె బలమైన ఉదాహరణ ఈ వ్యాసకర్తకు కనిపించలేదు.

ఒంగోలులో తొలినాళ్ళలోనే క్లౌకు ఒక సంకటం ఎదురైంది. క్రైస్తవం పట్ల ఆసక్తి చూపుతున్న ఉన్నత కులాలవారు, మాదిగలను చేర్చుకుంటే తాము దూరమవుతామన్నారు. క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో వేదం తెరవగా ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనబడిందని క్లౌ ఆత్మకథ చెబుతుంది. లోకం బలహీనులన్న వారినే దేవుడు ఎన్నుకున్నాడన్నది ఆ భాగపు సారం. మాదిగలను చేర్చుకున్నారు. ఆ యాదృచ్ఛికతను నమ్మడం, నమ్మకపోవడం పాఠకుని ఇష్టం. చరిత్రకు ముఖ్యమైనది నిర్ణయం. తగ్గవలసిందని ఆనాడు మాదిగలను ఎవరూ అడగలేదు. పలుకుబడిగల కులాల అండ కోరుకున్న మిషనరీయే ఆ ఆశను విడవవలసి వచ్చింది. సువార్తలోనూ బిడ్డను చూపినది గొప్పతనం కోసం ఆరాటపడినవారికే.

వ్యాకరణం కూడా ఈ అర్థాన్నే బలపరుస్తుంది. 'తగ్గించు' ధాతువుకు 'కొను' చేరినప్పుడు క్రియాఫలం కర్తకే చెందుతుంది. 'తగ్గించుకొను' అన్నప్పుడు తగ్గేవాడే కర్త. 'తగ్గించబడు' అన్నప్పుడు కర్త వేరొకడు, తరచు పేరైనా చెప్పబడనివాడు. వెట్టిచాకిరిలో ఉన్న మనిషికి మొదటి క్రియ అందుబాటులో లేదు. తన్ను తాను తగ్గించుకోవాలంటే ముందు 'తాను' అనేది ఒకటి ఉండాలి. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు, కరవుకాలపు అన్నం కోసమే వచ్చారన్న విమర్శ వినవచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కూలి దొరికినంతకాలం క్లౌ బాప్తిస్మాలు నిలిపివేశాడన్నది దానికి మిషనరీల సమాధానం. వాదం, ప్రతివాదం రెండూ ఆ జనాన్ని పుచ్చుకొనేవారిగానే చూశాయి. నీటిలో దిగినవారు తమ పేర్లు ఒక్కొక్కటిగా పిలువగా విన్నారు; మాలపల్లె, మాదిగపల్లె వెలుపల వారిని పేరుపెట్టి గౌరవంగా పిలిచే సందర్భాలు అరుదు.