గీతకు ఆరంగుళాల దూరంలో

1905 డిసెంబరు 16, శనివారం. కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్ దాదాపు 47 వేల మందితో కిటకిటలాడుతోంది. బ్రిటిష్ దీవుల్లో అప్పటిదాకా ఆడిన 27 మ్యాచ్‌లూ గెలిచిన న్యూజీలాండ్ రగ్బీ జట్టు మైదానం మధ్యకు వచ్చి మావోరీల యుద్ధనృత్యం హాకా ఆడింది. అది ముగియగానే వేల్స్ ఆటగాడు టెడ్డీ మోర్గన్ తమ దేశపు పాట ఎత్తుకున్నాడు. జట్టు గొంతు కలిపింది, ఆ వెంటనే జనం. అంతర్జాతీయ పోటీకి ముందు జాతీయ గీతం పాడటం అదే మొదలని రగ్బీ చరిత్రకారులు చెబుతారు. అది అప్పటికప్పుడు పొంగిన ఆవేశం మాత్రం కాదు. హాకాకు పాటతో జవాబివ్వాలని వేల్స్ రగ్బీ పెద్దల్లో ఒకరైన టామ్ విలియమ్స్ ముందే సూచించాడు, పత్రికలు ఆ మాటను ఊరంతా చాటాయి.

రెఫరీ విషయంలో మాత్రం ఆటకు ముందే పేచీ మొదలైంది. వేల్స్ చెప్పిన పేర్లు న్యూజీలాండ్‌కు నచ్చలేదు, న్యూజీలాండ్ చెప్పినవి వేల్స్‌కు నచ్చలేదు. చివరికి స్కాట్లండ్‌కు చెందిన జాన్ డాలస్‌ను నియమించారు. అతనికి ఇంకా ముప్పై ఏళ్లు రాలేదు. రెండేళ్ల కిందట స్కాట్లండ్ జట్టులో ఆడినవాడే.

రెఫరీ మాటే చివరిమాట అన్న నియమానికి అప్పటికి వయసు ఎంతో లేదు. తొలినాళ్లలో తగువు తీర్చాల్సింది ఇరుజట్ల కెప్టెన్లే. తర్వాత జట్టుకొక అంపైర్ వచ్చాడు. 1884లో ఇంగ్లండ్, స్కాట్లండ్ మ్యాచ్‌లో స్కాట్లండ్ ఆటగాడే ఒక తప్పు చేశాడు, ఆ బంతి అందుకుని ఇంగ్లండ్ ట్రై చేసింది, అంటే గోల్ లైన్ అవతల బంతిని నేలకు ఆనించింది. తప్పు జరిగింది కాబట్టి ఆట ఆగాలని స్కాట్లండ్ వాదించింది. మీ తప్పుతో మీరే లాభపడతారా అని ఇంగ్లండ్ ఎదురడిగింది. ఈ రెండు జట్లు పోటీపడే కలకత్తా కప్పు మన దేశం నుంచి వెళ్లినదే. మూతపడిన కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు ఖాతాలో మిగిలిన వెండి రూపాయలను కరిగించి దాన్ని చేయించారు. ఆ 1884 తగాదా ఏళ్లకేళ్లు నలిగి, 1886లో అంతర్జాతీయ రగ్బీ బోర్డు పుట్టుకకు దారితీసింది. ఇంగ్లండ్ మొదట అందులో చేరలేదు, 1888, 1889 సంవత్సరాల్లో సాటి దేశాలతో పోటీలకే దూరమై, 1890లో దిగివచ్చింది. రెఫరీ ఈలకు తిరుగులేని అధికారం దక్కింది ఇంత రభస జరిగాకనే.

కార్డిఫ్‌లో మొదటి సగంలోనే వేల్స్ ముందుగా అనుకున్న ఎత్తు పారింది. ఇరుజట్ల ఆటగాళ్లు గుంపుగా తలపడి బంతి కోసం తోసుకునే స్క్రమ్ వెనకాల డికీ ఓవెన్ ఒకవైపు వెళ్తున్నట్టు భ్రమపెట్టి రెండోవైపు బంతి విసిరాడు. క్లిఫ్ ప్రిచర్డ్, రీస్ గేబ్‌ల చేతులు మారి అది మోర్గన్‌కు చేరింది. అతను మూలకు దూసుకెళ్లి ట్రై చేశాడు. అప్పట్లో ట్రైకి మూడు పాయింట్లు. మరోవైపు న్యూజీలాండ్ కెప్టెన్ డేవ్ గలాహర్ ఆటతీరును డాలస్ పదేపదే తప్పుపట్టాడు.

రెండో సగంలో న్యూజీలాండ్ ఆటగాడు బాబ్ డీన్స్ బంతితో గోల్ లైన్ వైపు పరుగెత్తాడు. లైన్ దగ్గర వేల్స్ ఆటగాళ్లు పట్టేశారు. రోజువారీ దుస్తుల్లో, మేకుల్లేని బూట్లతో వెనకబడిన డాలస్ అక్కడికి చేరేసరికి బంతి లైన్‌కు ఇవతల ఉంది. స్క్రమ్ ఇచ్చాడు. ఆట 3-0తో ముగిసింది. ఆ ట్రై లెక్కలోకి వచ్చి ఉంటే స్కోరు సమమయ్యేది, ట్రై తర్వాత గోల్‌కు కొట్టే కన్వర్షన్ కూడా పడితే న్యూజీలాండే గెలిచేది.

గలాహర్ మెరుగైన జట్టే గెలిచిందన్నాడు, రెఫరీ మీద నోరు మెదపలేదు. డీన్స్ ఊరుకోలేదు. తాను లైన్ దాటి ఆరంగుళాల అవతల బంతి పెట్టానని, రెఫరీ రాకముందే తనను వెనక్కి లాగేశారని డైలీ మెయిల్‌కు తంతి పంపాడు. డాలస్ చెప్పింది దీనికి పూర్తిగా విరుద్ధం: బంతి లైన్‌కు ఆరు నుంచి పన్నెండు అంగుళాల ఇవతలే ఆగిందని. డీన్స్‌ను పట్టుకున్న గేబ్ మాట నాకు వీటన్నిటికంటే ఆలోచించదగ్గదిగా తోస్తుంది. తన చేతుల్లో డీన్స్ ఇంకా ముందుకు పెనుగులాడుతున్నాడు కనక లైన్ చేరలేదని తనకు తెలిసిందన్నాడతను. లైన్ దాటినవాడికి ఆ పెనుగులాట దేనికి? అయితే వేల్స్ తరఫున ట్రై చేసిన మోర్గనే చాలా ఏళ్ల తర్వాత డీన్స్ ట్రై నిజమేనని ఒప్పుకున్నాడు. అంటే వాదం రెండు దేశాల మధ్యనే కాదు, ఒకే జట్టులోని ఇద్దరి మధ్య కూడా.

1908లో డీన్స్ 24 ఏళ్లకే అపెండిసైటిస్‌తో చనిపోయాడు. చావుపడకపై కూడా ట్రై చేశాననే అన్నాడని న్యూజీలాండ్‌లో చెప్పుకుంటారు. ఆనాటి అభిమానికి ఆధారం తన కన్ను, మర్నాటి పేపరు, అంతే.

110 ఏళ్ల తర్వాత, 2015 అక్టోబరు 18న, ట్వికెన్‌హామ్‌లో ఆస్ట్రేలియా, స్కాట్లండ్ మధ్య ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్ జరిగింది. చివరి క్షణాల్లో రెఫరీ క్రెయిగ్ జూబెర్ ఆస్ట్రేలియాకు పెనాల్టీ ఇచ్చాడు. చుట్టూ కెమెరాలున్నా, అలాంటి నిర్ణయానికి వీడియో సాయం తీసుకోవడానికి అప్పటి నియమం ఒప్పుకోలేదు. బెర్నార్డ్ ఫోలీ గోల్ కొట్టాడు, ఆస్ట్రేలియా గెలిచింది. ఈల మోగగానే జూబెర్ మైదానం నుంచి పరుగున వెళ్లిపోయాడు. స్కాట్లండ్ అభిమానులు దాన్ని ఇప్పటికీ మరచిపోలేదు. అక్కడ ఇవ్వాల్సింది పెనాల్టీ కాదు, స్క్రమ్ అని మర్నాడు ఆట పాలక సంస్థ వరల్డ్ రగ్బీ ప్రకటించింది. స్కోరు మాత్రం 35-34 గానే ఉంది.