పన్నెండు మెట్ల మీద నడిచిన పాట

2021 సెప్టెంబర్ 2, పవన్ కల్యాణ్ పుట్టినరోజు. ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట విడుదలైంది. తమన్ వాద్యాల హోరు ఇంకా అందుకోలేదు. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి పొడవాటి వాద్యాన్ని భుజానికి ఆనించుకుని, తీగ మీటుతూ గొంతెత్తారు. రామజోగయ్యశాస్త్రి రాసిన ఆ ఎత్తుగడలో కథానాయకుడి పుట్టుక, వంశం వినిపించాయి. ఎవరీయన అని రాష్ట్రమంతా అడిగింది.

పాలమూరు పల్లెలు అడగలేదు. వాళ్లకు తెలుసు.

ఆయన దర్శనం మొగులయ్య. ఊరు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. నల్లమల అంచున, కొల్లాపూర్‌కు ఎంతో దూరం కాదు. పుట్టింది డక్కలి కులంలో. మాదిగలకు జాంబపురాణం చెప్పి, వాళ్లిచ్చిన దానితో బతికిన కళాకారుల కులం అది. మా తాతలు వనపర్తి సంస్థానంలో వాయించారని ఆ కుటుంబం చెప్పుకుంటుంది.

చేతిలో ఉన్నది కిన్నెర. కొనడానికి దుకాణంలో దొరికేది కాదు, చేసుకోవాలి. వెదురు బొంగు దండి అవుతుంది. ఎండబెట్టి లోపల తొలిచిన సొరకాయ బుర్రలు దాని కింద వేలాడుతూ నాదాన్ని పెంచుతాయి. పాతరోజుల్లో అలుగు పెంకులను తేనెమైనంతో అతికించి మెట్లు చేసేవారు. వెదురు, మైనం, పెంకు అన్నీ అడవివే. ఆ పన్నెండు మెట్ల కిన్నెరకు ఈ కాలంలో చిరునామా మొగులయ్యే.

ఇక ఆయన పాట నడక. నిజాం కాలంలో దొరలను కొట్టి పేదలకు పెట్టిన పండుగ సాయన్న కథ ఆయన నోట వినాలి. కథ చెబుతూనే తీగ మీటాలి. గొంతు ఆగిన చోట కిన్నెర అందుకోవాలి. నిలబడి, చుట్టూ ఉన్న జనం ముఖాలు చూస్తూ ఆడాలి. జనం కదిలితే కథ సాగుతుంది, నీరసిస్తే మలుపు తిరుగుతుంది. సినిమా పాటకు ఆ వెసులుబాటు లేదు, దాని కొలత ముందే తేలిపోతుంది. అయినా సాయన్న కథ ఎత్తుకునే తీరులోనే భీమ్లా కథ ఎత్తుకున్నారు. ఆ పాటకు బలం అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం.

ఆ తర్వాతివన్నీ వరసగా వచ్చాయి. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ఇస్తామంది. ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్ర పుస్తకంలో అప్పటికే ఆయన గురించి పాఠం ఉంది.

2024 మే నెలలో మరో వీడియో ఊరూరా తిరిగింది. హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో కడుతున్న భవనం దగ్గర పద్మశ్రీ మొగులయ్య కూలి పని చేస్తున్నారు. కూలి పనిలో తప్పేమీ లేదు. పన్నెండు మెట్లు తెలిసిన వేళ్లు వాయించడానికీ, నేర్పడానికీ పని దొరకక అటు పోవలసి రావడం నాకు మింగుడుపడదు.

పేరిణి సంగతి గుర్తు చేసుకోండి. కాకతీయుల తర్వాత ఆ నాట్యం కనుమరుగైంది. చూపించే గురువు మిగలలేదు. నటరాజ రామకృష్ణ రామప్ప గుడి శిల్పాల్లోని భంగిమలనూ, జాయప సేనాని ‘నృత్తరత్నావళి’నీ పట్టుకుని దాన్ని మళ్లీ కూర్చవలసి వచ్చింది. రాతిని అడిగితే భంగిమ చెబుతుంది, భంగిమకూ భంగిమకూ నడుమ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పదు. కిన్నెరకు ఆ గతి పట్టకూడదు. నేర్పగలిగిన వాళ్లు ఉండగానే పక్కన కూర్చోవాలి.

నర్తకులూ, రంగస్థలం వాళ్లూ కలిసి పనిచేసే రెసిడెన్సీలు ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నాయి. అలాంటిదొకటి కొల్లాపూర్‌లోనో, కృష్ణ ఒడ్డున సోమశిలలోనో పెట్టండి. వారాల తరబడి అక్కడే ఉండండి. సాయన్న కథకు అడుగులు కూర్చే ముందు ఆ కథను మొదటి నుంచి చివరి దాకా వినండి. అవుసలికుంట పిల్లలను కూడా పిలవండి, వాళ్ల చేత కిన్నెర చేయించండి. కిన్నెర పట్టినవారి పేరు నర్తకుడి పేరు పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. నేర్పినందుకు ఎంత ఇస్తారో మొదటి రోజే కాగితం మీద రాసివ్వండి.