కారు ప్లాస్టిక్ భాగాల పునరుద్ధరణ

ఎండకు వెలిసిపోయి గీతలు పడ్డ బంపర్లు, డోర్ బీడింగులు, అద్దాల తొడుగులు, డ్యాష్‌బోర్డులను మార్చకుండానే తిరిగి నల్లగా, శుభ్రంగా కనిపించేలా చేసే పని ఇది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దీన్ని కార్ డెకార్ దుకాణాల్లో, పెయింటింగ్ షెడ్లలో చేయిస్తారు. ఇంటి ముందర బకెట్ నీళ్లు పెట్టుకుని సొంతంగా చేసుకునేవారూ ఉంటారు.

నేపథ్యం

అంబాసిడర్ రోజుల్లో బంపరంటే క్రోమియం పూత పూసిన ఉక్కు. దాని శత్రువు తుప్పు. 1983 డిసెంబరులో మారుతి 800, ఆ మరుసటి ఏడాది మారుతి వ్యాన్ రోడ్డెక్కాక, రంగు వేయని నల్ల ప్లాస్టిక్ సామాన్యుల కార్లలోకి వచ్చింది. తుప్పు బెడద తగ్గింది కానీ ఎండ బెడద మొదలైంది.

ఏపీ 15 (కరీంనగర్), ఏపీ 01 (ఆదిలాబాద్) నంబర్లతో ఇంకా తిరుగుతున్న బండ్లు 2014 జూన్‌లో టీఎస్ సిరీస్ రాకముందు రిజిస్టరైనవే. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. ఈ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1న 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. అంత కట్టి అట్టిపెట్టుకున్న బండి ఇంజిన్ బాగానే ఉన్నా, బూడిద రంగు బంపరు దాని వయసును దూరం నుంచే చెప్పేస్తుంది.

ఎందుకు తెల్లబడుతుంది

బయటి భాగాల్లో ఎక్కువగా వాడేది పాలీప్రొపిలీన్. దెబ్బను తట్టుకోవడానికి రబ్బరు గుణమున్న పదార్థాన్ని, గట్టిదనానికి టాల్క్ పొడిని, నలుపు కోసం కార్బన్ బ్లాక్‌ను అందులో కలుపుతారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి పాలీప్రొపిలీన్ అణువుల గొలుసులను తెంచుతాయి. దీన్ని ఆపడానికి ఫ్యాక్టరీలో కలిపిన రక్షక రసాయనాలు ఏళ్లు గడిచేకొద్దీ ఖర్చయిపోతాయి. అప్పుడు పైపొర పెళుసుబారి, కంటికి ఆనని పగుళ్లు పడి, సుద్దలా పొడి రాలుతుంది.

నిజానికి కార్బన్ బ్లాక్ ఎండకు వెలవదు. నలుపు లోపల అలాగే ఉంటుంది. పగుళ్లు పడ్డ పైపొర వెలుతురును అన్ని వైపులా చెదరగొట్టడం వల్ల కంటికి బూడిద రంగు కనిపిస్తుంది. వాన పడ్డప్పుడు నీరు ఆ పగుళ్లను నింపుతుంది కాబట్టి పాత బంపరు కొత్తదానిలా నల్లబడి, ఆరగానే మళ్లీ తెల్లబడుతుంది. పునరుద్ధరణ పద్ధతులు చాలావరకు చేసేది రెండే: చచ్చిన పైపొరను తొలగించడం, మిగిలిన పగుళ్లను నీటికన్నా ఎక్కువకాలం నిలిచేదానితో నింపడం.

స్థానిక పరిస్థితులు

రామగుండం, ఆదిలాబాద్‌లలో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. మూసిన కారులో వేడి ఇంకా ఎక్కువ. అమెరికాలోని ఆరిజోనా పరిశోధకులు 2018లో వెల్లడించిన ప్రయోగంలో, వేసవి ఎండలో గంటసేపు నిలిపిన కార్ల డ్యాష్‌బోర్డులు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరాయి.

దీనికి దుమ్ము తోడవుతుంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాల్లో బొగ్గు దుమ్ము, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల దుమ్ము. గ్రానైట్‌లోని క్వార్ట్జ్ ప్లాస్టిక్ కన్నా ఎన్నో రెట్లు గట్టిది. పొడి గుడ్డతో బంపరు తుడవడమంటే సన్న గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు నీళ్లు కొట్టి దుమ్ము దించాకే గుడ్డ పెట్టాలి.

పద్ధతులు

మొదట ప్లాస్టిక్ రకం తెలుసుకోవాలి. చాలా భాగాల వెనుకవైపు పీపీ (పాలీప్రొపిలీన్), ఏబీఎస్, పీసీ (పాలీకార్బొనేట్) అనే అచ్చులుంటాయి. పీపీ దాదాపు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఏబీఎస్ వంద దాటగానే మెత్తబడుతుంది, అసిటోన్‌లో కరిగిపోతుంది కూడా. అందుకే పీపీ బంపరుకు పనికొచ్చిన ఉపాయం ఏబీఎస్‌తో చేసిన లోపలి భాగాలను పాడుచేయవచ్చు.

కొబ్బరినూనె, డీజిల్, నల్ల బూట్ పాలిష్ తక్షణం నలుపునిస్తాయి. నూనెకు దుమ్ము అంటుకుంటుంది, ఒకటి రెండు వానలకు మెరుపు పోతుంది. దుకాణాల్లో దొరికే సిలికాన్ డ్రెస్సింగులు ఇంకొన్నాళ్లు ఆగుతాయి. ఆరాక గట్టిపడే ట్రిమ్ కోటింగులు అన్నిటికన్నా ఎక్కువ నిలుస్తాయి, అయితే కింద పాత జిడ్డు, పాలిష్ మరకలు ఏమాత్రం ఉండకూడదు. షాంపూతో, బ్రష్‌తో గరుకు సందుల్లోని మైలంతా వదిలించి, పూర్తిగా ఆరబెట్టి, నీడలోనే పూయాలి.

హీట్ గన్ పద్ధతి పీపీ భాగాలకే. వేడికి పైపొర కరిగి సర్దుకుని నలుపు తేలుతుంది. ఒకేచోట ఆపితే భాగం వంకరపోతుంది. పైగా ఖర్చయిన రక్షక రసాయనాలు వేడితో తిరిగి రావు కాబట్టి, పైన కోటింగ్ వేయకపోతే త్వరలోనే మళ్లీ వెలుస్తుంది.

గీతలు

పైపై గీత తెల్లగా కనిపించడానికి ఒక కారణం పైకి తేలిన టాల్క్. ఇలాంటివి కొద్దిపాటి వేడికి అణుగుతాయి. లోతైన గాట్లకు 320 నుంచి 600 వరకు వాటర్ పేపర్లతో రుద్ది, ప్లాస్టిక్‌కు పనికొచ్చే పుట్టీ పెట్టి, రంగు వేయాలి. రుద్దినచోట గరుకు అచ్చు చెరిగిపోతుంది, టెక్స్చర్ స్ప్రే కొంతవరకే దాన్ని తెచ్చిపెడుతుంది. పాలీప్రొపిలీన్‌కు రంగు అంటదు కనుక కింద ప్లాస్టిక్ ప్రైమర్ తప్పనిసరి. అది లేని రంగు పెచ్చులుగా ఊడుతుంది.

లోపలి భాగాలు, హెడ్‌లైట్లు

డ్యాష్‌బోర్డుకు మెరుపు సిలికాన్ పూస్తే ముందు అద్దంలో ప్రతిబింబం పడి డ్రైవర్ కళ్లకు అడ్డొస్తుంది. మెరుపులేని రకం మేలు. స్టీరింగ్, పెడళ్లకు ఏదీ పూయకూడదు, జారతాయి. ఎయిర్‌బ్యాగ్ మూతపై పుట్టీ, జిగురు పెట్టడం ప్రమాదకరం, ఎందుకంటే ఆ మూత సరైన గీత వెంట చీలి తెరుచుకోవాలి.

పసుపుబారిన హెడ్‌లైట్లు పాలీకార్బొనేట్‌వి. 800 నుంచి 3000 వరకు తడి పేపర్లతో రుద్ది, కాంపౌండ్‌తో పాలిష్ చేస్తే వెలుతురు తిరిగొస్తుంది. రుద్దుడుతో ఫ్యాక్టరీ రక్షణ పూత కూడా పోతుంది కాబట్టి, అతినీలలోహిత కిరణాలను ఆపే క్లియర్ కోట్ వేయాలి. వేయకపోతే కొద్ది నెలల్లోనే అద్దం మళ్లీ మసకబారుతుంది.